ఎల్డర్టన్ హాల్ నైరుతి తలుపు

ఆగస్టు శనివారం మిట్టమధ్యాహ్నం. రిచ్‌మండ్ శివార్లలో ఇండియన్ స్టోర్ పార్కింగ్ లాట్. రాజగోపాల్ కారు డిక్కీ ఎత్తి బియ్యం బస్తా లోపల పెడుతున్నాడు. పక్కన ఆగిన తెల్ల వ్యాన్ కిటికీ జానెడు దిగింది. సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు దగ్గింది. వ్యాన్ కదిలి, సిగ్నల్ దగ్గర బుద్ధిగా ఆగి, ఇండికేటర్ వేసి మరీ కుడివైపు తిరిగి వెళ్లిపోయింది.

ఆ ఇండికేటర్ సంగతి తలుచుకుంటే మనోహర్‌కి ఒళ్లు మండిపోయేది. సెక్యూరిటీ కెమెరా ఫుటేజ్‌ని అతను ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. మనిషిని నిలువునా కాల్చి చంపినవాడు ట్రాఫిక్ రూల్ మాత్రం తప్పలేదు. అంత తాపీగా వెళ్లగలిగాడంటే, రాజగోపాల్ ఆ పూట ఒంటరిగా వస్తాడని ముందే ఎవరో చెప్పి ఉండాలి. ఆ ఎవరో ఎవరన్నది మనోహర్‌కి తెలుసు. ఆఫీసులో నమ్మేవాళ్లు లేనట్టే.

ఆఫీసంటే వాషింగ్టన్‌లో బోర్డు కూడా లేని ఒక కౌంటర్ ఇంటెలిజెన్స్ యూనిట్. 2001 తరవాత వాళ్లకి భాషలు తెలిసినవాళ్లు కావలసివచ్చారు. పాత భవనాల చరిత్ర మీద పీహెచ్‌డీ చేసి, తుపాకీ అంటే సినిమాల్లో తప్ప చూడని మనోహర్‌ని అలా లాక్కొచ్చి ఏజెంట్‌ని చేశారు. అతనికి పని నేర్పినవాడు రాజగోపాల్. ఆదివారం వస్తే రాజగోపాల్ ఇంట్లోనే అతని భోజనం. రాజగోపాల్ చెల్లెలు స్రవంతి వడ్డించేది. అతన్నీ అన్నయ్యా అనే పిలిచేది.

స్రవంతి నేవీకి పనిచేసే ఒక ల్యాబ్‌లో సోనార్ ఇంజనీర్. సముద్రం అడుగున కదిలే సబ్‌మెరైన్‌ని చప్పుడు బట్టి కనిపెట్టే విద్య ఆమెది. ఒక విదేశీ ముఠాకి ఆ విద్య కావాలి. ఆఫీసు ఆ ముఠాకి పెట్టిన పేరు కొంగ. రాజగోపాల్ కొంగ జాడ పట్టుకోబోయి చనిపోయాడు. ఇప్పుడు కొంగ చూపు స్రవంతి మీద పడింది.

అక్టోబర్ మొదట్లో డైరెక్టర్ క్రాఫర్డ్ బ్రీఫింగ్‌కి పిలిచాడు.

"ఆదివారం గృహప్రవేశం," అన్నాడు క్రాఫర్డ్, ఆ మాటని నాలుగు ముక్కలు చేసి. "డాక్టర్ సూర్యప్రకాశ్, రిటైర్డ్ కార్డియాలజిస్ట్. జేమ్స్ నది ఒడ్డున ఎల్డర్టన్ హాల్ కొన్నాడు. స్రవంతి ఆ ఫంక్షన్‌కి వెళుతోంది. కొంగ ఆమెని అక్కడే కిడ్నాప్ చేస్తుంది. కేటరింగ్ వ్యాన్‌లో, మెయిన్ గేట్ గుండా."

"ఎవరు చెప్పారు?"

"ఇషా."

ఇషా న్యూజెర్సీలో పుట్టిన తెలుగమ్మాయి. ఆర్ట్ ఆక్షన్ హౌస్‌లో ఉద్యోగం, నల్ల సిల్కు గౌన్లు, గది మొత్తాన్ని తనవైపు తిప్పుకునే నవ్వు. రెండేళ్లుగా కొంగలో దూరి మనకి సమాచారం పంపుతున్న డబుల్ ఏజెంట్ అని క్రాఫర్డ్ నమ్మకం. మనోహర్ లెక్క ప్రకారం ఆమె డబుల్ ఏజెంటే, కాకపోతే తిరగేసి.

"రాజగోపాల్ కూడా ఆమె చెప్పిందని ఆ స్టోర్‌కి వెళ్లాడు," అన్నాడు.

"దుఃఖంలో ఉన్నావు. అర్థం చేసుకోగలను."

"నాది దుఃఖం కాదు, కోపం. పోనీ స్రవంతికి ఒక్కమాట చెబుదాం. జాగ్రత్తగా ఉంటుంది."

"చెబితే భయం ముఖంలో కనిపిస్తుంది. కొంగ ఎగిరిపోతుంది. ఆమెకి చెప్పకూడదు. ఇది ఆర్డర్. నువ్వు కూడా ఆ రోజు డ్యూటీలో లేవు."

మనోహర్ బల్ల మీద చెయ్యి వేసి గట్టిగా ఊపిరి పీల్చాడు. క్రాఫర్డ్‌ని కాలర్ పట్టుకుని కిటికీలోంచి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది. కానీ ఆర్డర్ ఆర్డరే. స్రవంతికి ఫోన్ చేయలేదు. మిగిలిన ఆర్డర్‌ని మాత్రం గాలికి వదిలేశాడు.

ఎందుకంటే ఆ ఇల్లు అతనికి అరచేతి గీతల్లా తెలుసు. అతని పీహెచ్‌డీయే ఎల్డర్టన్ హాల్ మీద.

ఎలిజబెత్ రాణి కాలంలో ఒక ఉన్ని వ్యాపారి ఇంగ్లండు పల్లెసీమలో కట్టుకున్న భవంతి అది. ఇటలీ నుంచి కొత్తగా వచ్చిన పిచ్చి అప్పుడు ఒకటి ఉండేది: ఇంటి ముఖం నడిమికి గీత గీస్తే ఇటూ అటూ ఒకేలా ఉండాలి. ఇటువైపు కిటికీ ఉంటే అటువైపూ కిటికీ ఉండాల్సిందే, దాని వెనక గది లేకపోయినా సరే. లోపల ఎత్తయిన గ్రేట్ హాల్, ఓక్ చెక్క గోడలు, పూలు పండ్లు పోతపోసిన సున్నపు సీలింగ్. వానాకాలంలో దొరసానులు షికారు చేయడానికి పై అంతస్తులో లాంగ్ గ్యాలరీ, ఈ కొస నుంచి ఆ కొసకి కేకేస్తే గానీ వినపడనంత పొడవు. ఆ గ్యాలరీ మూల చెక్కపలక వెనక ఒక ఇరుకు మలుపు మెట్లదారి. క్యాథలిక్ ప్రీస్టులని వేటాడి చంపిన రోజుల్లో, గుర్రాల చప్పుడు వినపడగానే వాళ్లని ఆ దారిన కిందికి దించి తోట తలుపులోంచి తప్పించేవారు.

1926లో ఒక పొగాకు కోటీశ్వరుడు ఆ ఇంటిని కూల్చివేత వేలంలో కొని, రాయికి రాయి విప్పించి, నంబర్లు వేయించి, ఓడలో వర్జీనియా తెచ్చుకున్నాడు. నది కనపడాలని ఇక్కడి ఆర్కిటెక్ట్ ఇంటిని మొత్తంగా వెనక్కి తిప్పి కట్టాడు. ఇంగ్లండులో ఈశాన్యంలో ఉన్న మెట్లదారి అలా నైరుతికి వచ్చింది. తోట తలుపు నేరుగా పడవ రేవు వైపు తెరుచుకుంటుంది. ఆ ప్లాన్ మనోహర్ స్వయంగా కొలిచి గీసిందే. లైబ్రరీలో ఎవరడిగినా ఇస్తారు.

'నేనే మనిషిని ఎత్తుకుపోవాలంటే గేటు దగ్గరికి ఎందుకు పోతాను? ఆ మెట్లు దిగి పడవ ఎక్కిస్తాను,' అనుకున్నాడు మనోహర్.

అతని మాట నమ్మిన మనిషి ఆఫీసు మొత్తంలో ఒక్కడే, ఫణి. వరంగల్ వాడు, తలుపులు పగలగొట్టడంలో స్పెషలిస్ట్. ఆదివారం పొద్దున్నే తోటమాలి వేషంలో, నైరుతి తలుపు పక్క పొదల్లో, తలుపులు గుద్దే ఇనుప ర్యామ్ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

మనోహర్ లోపలికి పురోహితుడి అసిస్టెంట్‌గా వెళ్లాడు. తల గొరిగించుకున్నాడు. పట్టు పంచె, ఒంటినిండా విభూతి, మందపాటి కళ్లజోడు. మెళ్లో రుద్రాక్షల్లో ఒకటి మైక్రోఫోన్. కుంకుమ భరిణె మూతలో కెమెరా. చెవిలో శనగగింజంత ఇయర్‌పీస్. ఫణితో కోడ్ వర్డ్ ఒకటే: 'గుమ్మడికాయ పగిలింది' అంటే స్రవంతిని కదిలించారని.

గ్రేట్ హాల్లో అడుగుపెట్టగానే అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగు శతాబ్దాల ఓక్ చెక్కకి సెలోటేప్‌తో మామిడాకులు అంటించారు. సీలింగ్‌లోని ద్రాక్షగుత్తులకి బెలూన్లు వేలాడుతున్నాయి. పక్క ఫారం నుంచి అద్దెకి తెచ్చిన ఆవు, రాతి నేల మీద కాళ్లు జారుతూ బెదురుచూపులు చూస్తోంది. డాక్టర్ సూర్యప్రకాశ్ గారి భార్య కామేశ్వరి ఆవు కంటే బెదిరిపోయి అందరినీ కేకలేస్తోంది.

"ఆ స్మోక్ డిటెక్టర్లకి షవర్ క్యాపులు తొడిగారా? హోమం మధ్యలో అది కుయ్యోమంటే ఫైరింజన్ వచ్చేస్తుందండీ, మా మరదలింట్లో అలాగే అయింది."

"తొడిగాం కామేశ్వరీ, అన్నిటికీ తొడిగాం," అన్నారు డాక్టరుగారు ఓపిగ్గా.

స్రవంతి ఓ మూల కుర్చీలో కూర్చుంది. అన్నయ్య పోయిన రెండు నెలల్లో మనిషి సగమైంది. ఎవరో పలకరిస్తే నవ్వబోయి మానేసింది. ఆమె పక్కనే మెరూన్ పట్టుచీరలో ఇషా, ఆమె చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని.

"You poor thing. రాజగోపాల్ uncle చాలా మంచివాడు ఉండే," అంటోంది ఇషా.

మనోహర్ నేతి గరిట ముంచాడు. ఆ గొంతు నులిమేయాలనిపించింది. తలొంచుకుని నెయ్యి పోశాడు.

పాలు పొంగాయి. హోమం రాజుకుంది. పొగ సీలింగ్ దాకా లేచింది. మనోహర్ తలెత్తి చూశాడు. నడి సీలింగ్ డిటెక్టర్‌కి షవర్ క్యాప్ లేదు. ఎవరో తీసేశారు.

అలారం ఇల్లంతా అదిరేలా మోగింది. ఆవు కట్టు తెంచుకుంది. పట్టుచీరలూ పిల్లలూ ప్లాస్టిక్ కుర్చీలూ కలిసి గుమ్మం వైపు దొర్లాయి. పురోహితుడు మాత్రం కదల్లేదు. "పూర్ణాహుతి కాకుండా లేచేది లేదు," అని గొంతు ఇంకా పెంచాడు.

తోపులాటలో జనం మనోహర్‌ని బయటికి నెట్టుకుపోయారు. పచ్చిక మీద నిలబడి ముఖాలన్నీ వెతికాడు. స్రవంతి లేదు. ఇషా లేదు.

"గుమ్మడికాయ పగిలింది," అన్నాడు రుద్రాక్షలోకి.

గేటు దగ్గర క్రాఫర్డ్ మనుషులు కేటరింగ్ వ్యాన్ మీద పడి, డ్రైవర్‌ని బోర్లా పడుకోబెట్టి, పులిహోర గిన్నెల్ని ఒక్కొక్కటే మూత తీసి చూస్తున్నారు. ఇషా చెప్పిందంటే అక్షరాలా చేస్తారు వాళ్లు.

ఇయర్‌పీస్‌లో ఫణి గొంతు. "అన్నా, ఇటుకెళ్లి ఎవ్వరు రాలే. తాళం ఇప్పి దర్వాజ తీసి చూసిన. ఎన్క గోడ ఉన్నది."

"గోడేంటి?"

"ఇటుకల గోడ. కొత్తది. దాని ఎన్క మాటలు ఇనొస్తున్నయ్. ఆడమనిషి గొంతు."

మనోహర్ కామేశ్వరి గారి దగ్గరికి ఒక్క అంగలో వెళ్లాడు.

"అమ్మా, నైరుతి మూల తోట తలుపు ఏమైంది?"

"అదా? మూయించేశాం బాబూ. నైరుతిలో తలుపు ఉంటే యజమానికి ప్రాణగండమని సిద్ధాంతి గారు చెప్పారు. ఈయనకసలే స్టెంట్ వేశారు." కామేశ్వరి గారికి అది చెప్పుకోవాలని ఎప్పటినుంచో ఉన్నట్టుంది. "బయట ముఖం మార్చకూడదని హిస్టారిక్ బోర్డు వాళ్లు ఒకటే గొడవ. తలుపు అలాగే ఉంచి లోపల్నుంచి ఇటుకలు పేర్పించాం."

మనోహర్‌కి ఇక కోపం ఆగలేదు. "నాలుగు వందల ఏళ్ల దారండీ అది. ప్రాణాలు కాపాడిన దారి. దాన్ని మీరు ఇటుకలు పెట్టి పూడ్చేశారా? మీకు ఎవరిచ్చారు ఆ హక్కు?"

"చూడబోతే పంతులుగారి అసిస్టెంటు, వాస్తు తెలీదా మీకు?" కామేశ్వరి గారికీ కోపం వచ్చింది. "పూడ్చిందీ సరిగ్గా లేదు. పాత ఇంట్లో సిమెంట్ వాడకూడదట, సున్నమే వాడాలట. మేస్త్రీ మొన్న కట్టి వెళ్లాడు, ఇంకా వేలితో గీస్తే రాలుతోంది. నెల పడుతుందట గట్టిపడడానికి."

తిట్టబోతున్న మాట మనోహర్ గొంతులోనే ఆగిపోయింది. సున్నం. ఈ ఇల్లు మొదట కట్టిన ఇంగ్లీషు మేస్త్రీలు వాడినదే, తాపీగా ఆరే సున్నం. బయటినుంచి ఒక్క దెబ్బకి గోడ లోపలికి పడుతుంది.

ఇషా అతని ప్లానే చూసింది. ప్లాన్‌లో తలుపు ఉంది. పడవలోంచి చూసినా తలుపు కనిపిస్తుంది. స్రవంతిని తీసుకుని చీకటి మెట్లు దిగింది, గోడ తగిలింది. ఇప్పుడేం చేస్తుంది? కొంగ పద్ధతి అతనికి తెలుసు. తీసుకెళ్లలేని మనిషిని ప్రాణంతో వదిలిపెట్టరు. పైనుంచి తను తుపాకీతో దిగితే మొదటి గుండు స్రవంతికే. ఫణి గోడ కూలిస్తే ఆ ఇటుకల కింద స్రవంతి కూడా ఉంటుంది. ఆమె పైమెట్లకి జరగాలి. ఆ సంగతి ఆమెకి చెప్పాలి, ఇషాకి వినపడకుండా. అది కుదరదు.

పంచె ఎగ్గట్టి మళ్లీ ఇంట్లోకి పరిగెత్తాడు. గ్రేట్ హాల్లో పురోహితుడు అలారంతో పోటీపడి చదువుతూనే ఉన్నాడు. ఆ గొంతు విని మెట్ల మీద మనోహర్ ఒక్క క్షణం ఆగాడు. ఇషాకి వినపడినా ఫరవాలేదు. వినకపోతే చాలు.

లాంగ్ గ్యాలరీ చివర చెక్కపలక ఓరగా తెరిచి ఉంది. కింది చీకట్లోంచి ఇషా వెంట వచ్చినవాడి గొంతు ఇంగ్లీషులో అంటోంది: "తలుపు లేదు. ఇక్కడే ముగించేద్దాం."

మనోహర్ పలక పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, పొట్టలోంచి గొంతెత్తాడు. అచ్చు వేదం చదివే బాణీ, పైకి లేచి కిందికి దిగే స్వరం.

"ఓం... చెల్లెమ్మా శృణు శృణు, అహం మనోహరః... వెనుక గోడ కూలబోవుచున్నదీ స్వాహా..."

"ఏంటది?" కింద మగగొంతు.

"Priest," అంది ఇషా విసుగ్గా. "వాళ్లు ఆపరు. Ignore it. ఫోన్ లైట్ వెయ్యి."

చిన్నప్పటినుంచీ గుడికి వెళ్లిన ప్రతిసారీ చెవులు మూసేసుకోవడం నేర్చుకున్న పిల్ల. ఆమెననడం ఎందుకు, పీటల మీద కూర్చున్న పెద్దలు మాత్రం వింటారా? పంతులు సంకల్పం చెబుతుంటే పక్కవాళ్లతో ఇళ్ల రేట్లు మాట్లాడుకునే జనం మనం. ఆ అలవాటు మీద మనోహర్‌కి ఎప్పుడూ ఒళ్లుమంటే. ఈ ఒక్క పూట దాని మీదే ఒక ప్రాణం ఆధారపడింది.

"మెల్లమెల్లగా పైమెట్టుకు జరుగుమూ... తల వంచి చేతులతో కప్పుకొనుమూ... మూడవ స్వాహాకు గోడ పడునూ స్వాహా..."

రుద్రాక్షలోంచి ఇదంతా ఫణికి వినపడుతోంది. ర్యామ్ ఎత్తి సిద్ధంగా ఉన్నట్టు రెండుసార్లు దగ్గాడు.

కింద చీర రాపిడి. ఒక మెట్టు. ఇంకో మెట్టు. స్రవంతి ఏడుస్తున్నట్టు గోడకి ఆనుకుని పైకి జరుగుతోంది. ఆ ఏడుపు నటనో నిజమో అతనికి తెలియలేదు.

ఇంతలో ఇషా గొంతు మారింది. "Wait. చెల్లెమ్మా అంటున్నాడు. మంత్రంలో చెల్లెమ్మ ఎందుకు ఉంటుంది?" పిస్టల్ సేఫ్టీ తీసిన చప్పుడు. "స్రవంతీ, ఇటు తిరుగు."

"స్వాహా," అని అరిచాడు మనోహర్. అందులో స్వరమూ లేదు, బాణీ లేదు.

గోడ ఒక్కసారిగా లోపలికి వచ్చింది. పిస్టల్ పేలింది. సున్నం దుమ్ము మెట్లదారిలోంచి ఉబికి గ్యాలరీని కమ్మేసింది. మనోహర్ గోడ తడుముకుంటూ మలుపులు దిగాడు. మగవాడు నడుం దాకా ఇటుకల్లో కూరుకుపోయి మూలుగుతున్నాడు. ఇషా మోకాళ్ల మీద ఉంది, మెరూన్ చీర తెల్లబారిపోయి, పిస్టల్ జారిపోయి. రెండు మెట్ల పైన స్రవంతి తల చేతుల్లో దాచుకుని ఉంది. గుండు ఆమె తలకి బెత్తెడు పైన రాతిలో దిగబడింది.

మనోహర్ పిస్టల్ తీసుకుని ఇషాకి గురిపెట్టాడు. వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంది. స్టోర్ ముందు పడున్న బియ్యం బస్తా, ఆ ఇండికేటర్, అన్నీ కళ్లముందు తిరిగాయి.

"ప్లాన్‌లో డోర్ ఉంది uncle," అంది ఇషా దగ్గుతూ. ఆమెకి ఇంకా నమ్మకం కుదరలేదు.

"ప్లాన్ నాది. ఇల్లు కామేశ్వరి గారిది," అన్నాడు. వేలు తీయడానికి చాలా కష్టపడ్డాడు. ఫణి బేడీలు వేశాడు. రేవు దగ్గర పడవలో కాచుకున్నవాడు అప్పటికే ఫణి తుపాకీ చూసి చేతులెత్తాడు.

ఫైరింజన్లు వచ్చాయి. పులిహోర సోదా ముగించుకుని క్రాఫర్డ్ కూడా వచ్చాడు. నైరుతి తలుపు దగ్గర పచ్చిక మీద స్రవంతి కూర్చుంది, జుట్టంతా సున్నం. క్రాఫర్డ్ వంగి చెయ్యి చాచాడు.

"మీరు చాలా ధైర్యంగా సహకరించారు. ఈ ఆపరేషన్ మీ వల్లే సక్సెస్."

"ఆపరేషనా?" అంది స్రవంతి. ఆ చేతిని చూసింది గానీ అందుకోలేదు. గుండు తీసిన మనోహర్ తల వైపు, విభూతి వైపు, మెళ్లోని రుద్రాక్షల వైపు మెల్లగా చూసింది.

"అంటే మీకు ముందే తెలుసు."

మనోహర్ కళ్లజోడు తీసేశాడు.

"నన్ను ఎరగా కూర్చోబెట్టి, అంతా చూస్తూ హోమంలో నెయ్యి పోస్తూ ఉన్నారు. ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. వద్దని ఈయన అన్నాడు, మీరు సరేనన్నారు. అంతేగా మనోహర్ గారూ?"

ఆ గారు అతనికి పిస్టల్ గుండు కంటే సూటిగా తగిలింది. పొద్దుటినుంచి లోకం మొత్తం మీద మండిపడ్డ మనిషికి, అసలు మండిపడాల్సిన వాడు పంచె కట్టుకుని ఇక్కడే నిలబడి ఉన్నాడని తెలిసింది.

"మా అన్నయ్యని కూడా ఇలాగే పంపారా? ఏమీ చెప్పకుండా? ఈ మనిషికి చెప్పండి. ఇంకోసారి నా గుమ్మం తొక్కితే కాళ్లు విరగ్గొడతానని. మీకూ అదే మాట."

ఆమె లేచి ఒంటరిగా కారు వైపు నడిచింది. వెనక్కి తిరగలేదు.

"ఏమంది?" అడిగాడు క్రాఫర్డ్.

ఒక్క మాట వదలకుండా, కాళ్లు విరగ్గొట్టడంతో సహా, మనోహర్ ఇంగ్లీషులో చెప్పాడు. రాజగోపాల్ గురించి అన్నది రెండుసార్లు చెప్పాడు.

క్రాఫర్డ్ శ్రద్ధగా విన్నాడు. తల ఊపాడు. ఆ సాయంత్రం వాషింగ్టన్‌కి వెళ్లిన రిపోర్టులో ఆమె గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: సాక్షి క్షేమం, కృతజ్ఞతలు తెలిపారు.